కోళ్లు తోలుతూ చదువుకోవచ్చా?

ప్రశ్న

అక్కా, నమస్తే. మాది రాయగడ జిల్లా, గుణుపురం దగ్గర వంశధార ఒడ్డు పల్లె. పుట్టిల్లు పాతపట్నం వైపు. నాకు 47 ఏళ్లు. కొంత వరి, కొంత పత్తి, రెండు ఆవులు, ఒక పెయ్య, కోళ్లు, ఇంటి వెనక ఆనప, బీర పాదులు. ఇదీ నా లోకం. పెళ్లికి ముందు నాకు పుస్తకాల పిచ్చి. అద్దెకిచ్చే షాపు నుంచి నవల తెచ్చుకుంటే రెండు రోజుల్లో అవగొట్టేదాన్ని. ఈ పాతికేళ్లలో అది ఎప్పుడు పోయిందో తెలీదు. పిల్లలిద్దరూ ఒడియా మీడియంలో చదివారు, ఇప్పుడు భువనేశ్వర్‌లో ఉద్యోగాలు. మళ్లీ చదవాలని ఉంది. మొన్న విశాఖ వెళ్లినప్పుడు అందరూ గొప్పదంటారని ఒక లావుపాటి పుస్తకం కొన్నాను. రాత్రి పడుకునే ముందు తెరిస్తే రెండో పేజీకే నిద్ర. పగలు తెరిస్తే మిగిలిన పని గుర్తొచ్చి తప్పు చేస్తున్నట్టు ఉంటుంది. అక్షరాలు అలుక్కుపోతున్నాయి, చెయ్యి చాపి దూరంగా పట్టుకుంటే కాస్త నయం. మా అత్తగారు “ఈ వయసులో ఏ పరీక్షకే?” అంటారు. మా అబ్బాయి నెలకి రెండు పుస్తకాలు టార్గెట్ పెట్టుకోమని ఫోన్లో ఏదో యాప్ వేశాడు. అది చూస్తే ఇంకా టెన్షన్. నేను ఇంక చదవలేనా? ఇక్కడ తెలుగు పుస్తకాలు ఎలా దొరుకుతాయి? ఇంకోటి, ఉన్న నాలుగు పుస్తకాలకీ చెదలు పడుతున్నాయి. ఏం చెయ్యాలి?

జవాబు

చెల్లీ, అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తాను.

నీకు చదవడం ఎక్కడికీ పోలేదు. తెల్లారకుండా లేచే మనిషివి రాత్రి మంచం ఎక్కాక చదవాలని చూస్తున్నావు. అదీ సరిగ్గా ఆనని కళ్లతో. అదీ ఎవరో గొప్పదన్న పుస్తకాన్ని. ఇవి మారితే చాలావరకు సర్దుకుంటుంది.

ముందు రాత్రి సంగతి. పడుకునే ముందు పుస్తకం చదవండి అని చెప్పేవాళ్లంతా పొద్దున్న ఏడింటికి లేచేవాళ్లు. కుర్చీలో కూర్చుని పనిచేసే మనుషులకి రాత్రి ఒళ్లు అలసిపోదు, బుర్ర తిరుగుతూనే ఉంటుంది. వాళ్లని నిద్రపుచ్చడానికి పుస్తకం పనికొస్తుంది. మాదీ పర్లాకిమిడి పక్కన పాడి ఉన్న ఇల్లే కాబట్టి నీ రోజు నాకు తెలుసు. కల్లాపి జల్లి, పేడకళ్లు ఎత్తి, కుడితి కలిపి, పాలు పితికి, దూడని విడిచి కట్టి, ఆ తర్వాత వంట, ఆ తర్వాత చేను. సాయంత్రం మళ్లీ పశువుల దగ్గరికి. ఇంత చేసిన మనిషికి రెండో పేజీలో నిద్ర రాకపోతే అప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. రాత్రి హాయిగా పడుకో. పుస్తకాన్ని పగటికి మార్చు. పగలు ఎక్కడ ఖాళీ అంటావేమో, ఆ విషయానికే వస్తున్నాను, కాస్త ఆగు.

కళ్లు. చెయ్యి చాపి పట్టుకుంటే నయంగా ఉందని రాశావు చూడు, అది చత్వారం. నలభై దాటాక కంట్లోని కటకం గట్టిపడి, దగ్గరి వస్తువుకి తగ్గట్టు వంగడం మానేస్తుంది. దూరాన గట్టు మీద ఎవరి ఆవు మేస్తోందో చెప్పగలవు కానీ సూదిలో దారం ఎక్కించాలంటే పక్కింటి పిల్లని పిలుస్తావు, అవునా? చాలామంది ఆడవాళ్లు చదవడం మానేసింది ఇక్కడేనని నా అనుమానం. అక్షరం మసకగా ఉంటే కంటికి శ్రమ, శ్రమ పడితే తలనొప్పి, తలనొప్పి వస్తే పుస్తకం మీద విసుగు. చివరికి “నాకిప్పుడు చదివే ఇంట్రెస్ట్ లేదు” అని తేల్చేసుకుంటారు. సంతలో దొరికే కళ్లజోడు ఒకటి పెట్టుకుని చూస్తే తేడా తెలుస్తుంది కానీ దాంతో సరిపెట్టుకోకు. రెండు కళ్లకీ ఒకే పవర్ ఉండాలని లేదు. పైగా పరీక్షకి వెళ్తే శుక్లం మొదలైందా, కంట్లో ప్రెషర్ ఎలా ఉంది అన్నవి కూడా చూస్తారు. నీటికాసులు నొప్పి లేకుండానే చూపు తినేస్తాయి, నలభై దాటిన వాళ్లు ఒకసారి చూపించుకోవడం మంచిది. సుగరు ఉంటే ఇంక చెప్పక్కర్లేదు. పుస్తకాలకి పెట్టే మొదటి డబ్బు కళ్లజోడుకే పెట్టు.

ఇప్పుడు పగటి సంగతి. రైతు ఇంట్లో ఖాళీ ఉండదు, నిజమే. కానీ కూర్చుని కాచుకునే పనులు బోలెడు. చేతికి పని లేదు, ఆ చోటు వదిలి వెళ్లడానికి మాత్రం వీల్లేదు. అలాంటి పని కనపడ్డ చోటల్లా పుస్తకం పెట్టు.

ఉప్పుడు బియ్యానికి వడ్లు ఉడకబెట్టి వాకిట్లో ఆరబోసిన రోజు తీసుకో. ఎండ ఉన్నంతసేపూ అక్కడ ఒక మనిషి ఉండాలి. అరుగు మీద కూర్చుంటావు, పక్కన పొడుగాటి కర్ర. కోళ్లు ముందు తెలీనట్టు గోడ వారన తిరుగుతాయి. నువ్వు పుస్తకంలో ఉన్నావని వాటికి ఎలా తెలుస్తుందో తెలీదు, సరిగ్గా అప్పుడే ఒకటి మెడ సాచి అంచున ఉన్న గింజ లాగుతుంది. దాన్ని చూసి మిగిలినవి వస్తాయి. కర్ర ఒకసారి నేలకేసి కొడితే చాలు, లేవక్కర్లేదు. ఒక కథ అయ్యేసరికి లేచి, పాదాలు ఈడ్చుకుంటూ వడ్లలో చాళ్లు తీసి అడుగువి పైకి తేవాలి. కాళ్ల కింద పైపొర వేడిగా, లోపల ఇంకా చెమ్మగా తగులుతుంది. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు తిరిగి వచ్చి మళ్లీ కూర్చుని ఇంకో కథ. నీ పని నువ్వు చేసినట్టే, ఒక్క గింజ పోలేదు, ఎవరూ ఒక్క మాట అనడానికి లేదు. ఇలా ఒక రోజులో నువ్వు రాత్రుళ్లు వారం తంటాలు పడి చదివేదానికంటే ఎక్కువ చదువుతావు.

ఇలాంటివి నీ ఇంట్లోనే వెతుకు. మడికి నీళ్లు పెట్టి నిండేదాకా గట్టు మీద కూర్చునే గంట. ఆవుని తాడు పట్టుకుని మేపే పూట. మర దగ్గర బియ్యం ఆడించడానికి వరసలో నిలబడ్డప్పుడు. చూడి ఆవు ఇవాళో రేపో ఈనుతుందని పాకలో కూర్చున్న రాత్రి కూడా, ఆ రాత్రి ఎలాగూ నిద్ర రాదు. చింతపండు పిక్క తియ్యడం, పత్తి ఏరడం వంటివి కుదరవు, చేతులు ఖాళీ ఉండవు. పాలు పొయ్యి మీద పెట్టి మాత్రం పుస్తకం తెరవకు. కథ ఎంత బాగుంటే అంత నష్టం.

పుస్తకం బీరువాలో ఉంటే ఇదంతా జరగదు. లోపలికి వెళ్లి తెచ్చుకునేలోపు ఇంకో పని ఎదురొస్తుంది. అరుగు పక్క గోడ గూట్లో ఒకటి, పశువుల పాకలో మేకలకి అందని ఎత్తున ఒకటి, సంచిలో ఒకటి. అవి వేరువేరు పుస్తకాలైనా ఫరవాలేదు. ఒక నవల నడుస్తుండగా ఇంకోటి మొదలుపెట్టకూడదని ఏ శాస్త్రంలోనూ లేదు. ఫోన్ మాత్రం ఇంట్లో చార్జింగుకి పెట్టి రా. అది ఒళ్లో ఉంటే పుస్తకం ఓడిపోతుంది. ఇది నీ లోపమేమీ కాదు, అందరికీ అంతే. మొదటి వారం పది రోజులు పేజీ మధ్యలో చెయ్యి ఊరికే ఫోన్ కోసం వెతుకుతుంది. తర్వాత తగ్గుతుంది.

సంవత్సరమంతా ఒకేలా చదవాలనీ అనుకోకు. నాట్లప్పుడు, కోతలు నూర్పులప్పుడు, పత్తి చేతికొచ్చినప్పుడు పుస్తకం ముట్టకపోతే ఏమీ కాదు. నీకు అసలు చదువు వేసవి మధ్యాహ్నాలు. ఎండకి మనిషి, పశువు అందరూ నీడకి చేరిన ఆ మూడు నాలుగు గంటలు. తర్వాత ముసురు పట్టిన రోజులు. మన పంచాంగంలో మంచిరోజులు ఎలాగూ ఏడాది పొడుగునా సమానంగా ఉండవు కదా, అలాగే పోనీ.

అందుకే ఆ యాప్ తీసెయ్యమంటాను. మీ అబ్బాయిది మంచి ఉద్దేశమే, కోప్పడకు. కానీ చదివిన పుస్తకాలు డెయిరీలో పోసే పాలు కావు, లీటర్లు కొలిచి రాయించుకోవడానికి. టార్గెట్ పెట్టగానే ఏమవుతుందో చూడు. పల్చటి పుస్తకాలు ఏరుకుంటావు. నచ్చిన చోట ఆగి రెండోసారి చదవవు. నచ్చనిది మధ్యలో వదలవు, లెక్క పోతుందని. నువ్వు అద్దె నవల రెండు రోజుల్లో అవగొట్టింది లెక్క కోసం కాదుగా.

ఇక ఆ లావుపాటి పుస్తకం. పేరు రాయలేదు, నేనూ అడగను. పక్కన పెట్టెయ్. భాష కొరుకుడు పడలేదేమో, సిగ్గు పడక్కర్లేదు. నీకు తెలిసే ఉంటుంది, పర్లాకిమిడి రాజావారి స్కూల్లో 1880 నుంచి పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులుగారు, జనం మాట్లాడుకునే తెలుగులోనే పుస్తకాలు రావాలని పండితులతో ఏళ్ల తరబడి తగువు పడ్డారు. మీ ఊరి కొండల మీది సవరల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు కూడా. 1936లో ఒడిశా వేరే రాష్ట్రమై పర్లాకిమిడి అందులో చేరాక ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన తిరిగిన గడ్డ మీద ఉండి, కొరుకుడు పడని తెలుగు ముందు నువ్వు తల వంచుకుని కూర్చోవడం ఏం బాగుంటుంది?

దేంతో మొదలుపెట్టాలంటే, పద్దెనిమిదేళ్లప్పుడు నీకు పిచ్చెక్కించిన నవల ఒకటి వెతికి తెచ్చుకో. తెలిసిన కథ కాబట్టి మధ్యలో ఎన్నిసార్లు లేచి వెళ్లినా దారి తప్పవు. ఒక హెచ్చరిక: అప్పుడు హీరో అనుకున్నవాడు ఇప్పుడు బుద్ధిలేని మొండివాడిగా కనపడొచ్చు, కంటతడి పెట్టించిన చోట నవ్వు రావచ్చు. రానీ. అలా పుస్తకంతో దెబ్బలాడుతూ చదవడం కూడా సరదాగానే ఉంటుంది. ఆ తర్వాత కథల పుస్తకాలు పట్టు. మన శ్రీకాకుళం, విజయనగరం వైపు మాట వినిపించే కథలు అయితే నీకు ఇంకా దగ్గరగా ఉంటాయి. నవలకి తర్వాత వెళ్లొచ్చు. పదిహేను పేజీల్లో పట్టుకోని పుస్తకాన్ని నేను వదిలేస్తాను, నీ హద్దు నువ్వు పెట్టుకో.

పుస్తకాలు దొరకడం మన వైపు కష్టమే. ముందు పుట్టింటి అటక వెతికించు. పాతికేళ్ల కిందటి వారపత్రికలు, చిరిగిన నవలలు ఎవరో ఒకరు దాచే ఉంటారు. ఆంధ్ర వైపు మండల కేంద్రాల్లో చాలాచోట్ల శాఖా గ్రంథాలయాలు ఉన్నాయి. మీ అన్నదమ్ముల్లో ఎవరి పేరునైనా సభ్యత్వం తీసుకుంటే పుట్టింటికి వెళ్లినప్పుడల్లా పుస్తకాలు తెచ్చుకోవచ్చు, కనుక్కో. శ్రీకాకుళంలో కథానిలయం ఉంది. కథకులు కాళీపట్నం రామారావుగారు తెలుగు కథలన్నీ ఒక్కచోట చేర్చాలని 1997లో పెట్టిన గ్రంథాలయం. ఒకసారి వెళ్లి చూడు, వాళ్ల వెబ్‌సైటులో కూడా పాత కథలు ఉన్నాయి. ఫోన్లోనే చదవాల్సి వస్తే స్కాన్ చేసిన పేజీలు చిన్న తెర మీద విసిగిస్తాయి, తెలుగు వికీసోర్స్ అనే వెబ్‌సైటు నయం. రచయిత పోయి 60 ఏళ్లు దాటి కాపీహక్కులు తీరిన పుస్తకాలు అందులో ఉచితంగా ఉంటాయి, అక్షరం ఎంత కావాలంటే అంత పెద్దది చేసుకోవచ్చు. విశాఖ వెళ్లే పని పడితే గుణుపురం పాసింజరులో వెళ్లు. నువ్వు కాపురానికి వచ్చినప్పటి చిన్న రైలు 2004లో ఆపేసి, పెద్ద లైను వేసి 2011కి మళ్లీ గుణుపురం దాకా తెచ్చారు కదా. బస్సులో కుదుపులకి చదవలేం, రైల్లో పోయేటప్పుడు ఒకటి, కొత్తవి కొనుక్కుని వచ్చేటప్పుడు ఇంకోటి.

నీకు ఒడియా చదవడం వచ్చో రాదో రాయలేదు. పాతికేళ్లు ఆ ఊళ్లో ఉండి మాట ఎలాగూ వచ్చే ఉంటుంది. పిల్లల స్కూలు వాచకాలు పెట్టెలో ఉంటే తీసి చూడు. ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టు, అడిగేవాళ్లు ఎవరూ లేరు. గుణుపురం కొట్టులో తెలుగు పుస్తకం దొరక్కపోవచ్చు కానీ ఒడియా పుస్తకం దొరుకుతుంది.

ఇప్పుడు మీ అత్తగారు. ఏ పరీక్షకి అని అడిగారా? మరి ఆవిడ చూసే టీవీ సీరియల్ ఏ పరీక్షకి అని నా నోటిదాకా వచ్చింది. నువ్వు మాత్రం అనకు. ఆవిడ ఎరిగిన కాగితాలు ఎలాంటివో ఆలోచించు. పట్టా కాగితం, అప్పు కాగితం, పిల్లల పరీక్ష కాగితం. అన్నీ ఎవరో ఒకరు ఏదో ఒకటి తేల్చే కాగితాలే. ఊరికే సరదాకి ఒక మనిషి అక్షరాల్లోకి చూస్తూ కూర్చోవడం ఆవిడకి వింతే. పైగా నువ్వు పుస్తకం తెరిస్తే ఆవిడకి మాట్లాడే మనిషి పోయినట్టు. ఆ గొణుగుడులో సగం అదేనేమో చూడు.

ఒక సాయంత్రం కరెంటు పోయి టీవీ ఆగిపోయినప్పుడు, చార్జింగ్ లైటు పెట్టుకుని ఒక కథ పైకి చదువు. ఆవిడ కోసమని చెప్పకు, నీకోసమే చదువుకుంటున్నట్టు చదువు. అత్తాకోడళ్ల కథ వద్దు, గొడవ. దొంగల కథో, పల్లెటూరి తగువుల కథో తీసుకో. మొదట్లో వినడం లేదన్నట్టు వత్తులు చేసుకుంటూ కూర్చుంటారు. కాసేపటికి “ఆడికి ఆ బుద్ధి ఎందుకు పుట్టిందో” అని ఒక మాట అంటారు. అప్పుడు ఆపి, ఆవిడ చెప్పేది పూర్తిగా విను. మా వీధిలో ఇలా పైకి చదివే ఇంట్లో ముసలావిడ ఇప్పుడు కథ మధ్యలో ఆపితే ఊరుకోదు, కోడలు పని మీద లేస్తే “అది తర్వాత చేద్దువులే” అంటుంది. మీ అత్తగారు అలాగే అవుతారని నేను మాట ఇవ్వలేను. కానీ ఒక పాతకాలం మనిషి పక్కన కూర్చుని వింటూ ఉంటే కథకి వచ్చే రుచి వేరు. రచయితకి తెలీని సంగతులు కూడా చెప్తారు.

తప్పు చేస్తున్నట్టు అనిపించడం మాత్రం అత్తగారు ఒప్పుకున్నంత మాత్రాన పోదు. అది లోపల కూర్చున్నది. మన ఇళ్లలో ఆడవాళ్లు ఊరికే కూర్చుంటే కనీసం చేతిలో చిక్కుడుకాయలైనా ఉండాలి, ఈనెలు తీస్తున్నట్టు. చదివితే ఏం వస్తుందని నిన్ను నువ్వే అడుగుతుంటావు. ఏమీ రాదు. డబ్బు రాదు, పాలు పెరగవు. పొద్దుటి నుంచి ఇంత పని చేశాక ఏమీ రానిది ఒకటి చేసుకునే హక్కు నీకు ఉందని నేననుకుంటాను. మీ ఆయన గురించి ఉత్తరంలో ఒక్క ముక్క లేదు, అడ్డు లేరనే అనుకుంటున్నాను. ఉంటే మళ్లీ రాయి, ఆయనకి వేరే జవాబు ఉంది.

ఒక్క సంగతి. చదవడం మీదే కాకుండా తిండి, నిద్ర, మనుషులు, దేని మీదా మనసు లేకుండా వారాల తరబడి ఉంటే అది పుస్తకాలతో తీరేది కాదు. ఈ వయసులో నెలసరి మారడం, రక్తం తక్కువ కావడం, థైరాయిడ్, పిల్లలు వెళ్లిపోయిన దిగులు, అన్నీ ఒకేసారి కమ్ముకుంటాయి. అలా ఉంటే డాక్టరుకి చూపించుకో. నీ ఉత్తరం చదివితే అలా అనిపించలేదు. అయినా చెప్పడం నా ధర్మం.

చివరగా చెదలు. చెదలు గోడ పట్టుకుని వస్తాయి కాబట్టి పుస్తకాల పెట్టె గోడకి ఆనకుండా, నేల తగలకుండా ఇటుకల మీద ఉండాలి. రేకు ట్రంకు అయితే మంచిది. ఇప్పటికే పట్టిన పుస్తకాలని విడిగా తీసి, మట్టి దులిపి, పేజీలు విప్పి కాసేపు ఎండ చూపించు. ఎండలో రోజంతా వదిలెయ్యకు, కాగితం పెళుసెక్కుతుంది. ప్లాస్టిక్ కవర్లో బిగించి కట్టకు, లోపల చెమ్మ నిలిచి బూజు పడుతుంది. అడుగున ఎండు వేపాకు పరుచు, వానాకాలం ముందు ఒకసారి, తర్వాత ఒకసారి మార్చు. వారానికోసారి మూత తీసి పేజీలు అటూ ఇటూ తిప్పు, మనిషి చెయ్యి పడే పుస్తకాల జోలికి పురుగు తక్కువ వస్తుంది. కలరా ఉండలు వేస్తే వెయ్యి కానీ బియ్యం, పప్పులు ఉన్న గదిలో ఆ పెట్టె పెట్టకు.